గంగులు గాడిద చెప్పిన సాక్ష్యం

అడవి అంచున నక్క ఒక రేకుల షెడ్డు వేసింది. బండి ఇరుసులకూ గొలుసులకూ పట్టిన గ్రీజును, దాన్ని కరిగించే సాల్వెంటు అనే ఘాటు మందు తొట్టిలో ముంచి వదలగొట్టడం అక్కడి పని. ఆరేళ్లుగా ఆ పని చేస్తున్నవాడు గంగులు గాడిద. కొత్తలో ఆ ఘాటుకి తల తిరిగేది, కడుపులో దేవేది. రానురాను ఏమీ అనిపించలేదు. ఒళ్లు రాటుదేలిందనుకున్నాడు పాపం.

పక్క తొట్టి దగ్గర మేక నూకాలు ఒకరోజు కాళ్లు వణికి కూలబడింది. లేచాక ఊరుకోలేదు. షెడ్లలో గాలి చూసి ముద్ర వేసే అధికారి కొంగకు ఫిర్యాదు పెట్టింది.

కొంగ వచ్చే పొద్దున నక్క కిటికీలన్నీ తెరిపించి, తొట్లకు మూతలు వేయించింది. అయినా కొంగ గుమ్మంలోనే ఆగింది.

"ఏదో ఘాటుగా ఉందే?"

"నా మాటెందుకు దొరా! ఆరేళ్లుగా ఇక్కడే ఉన్న గంగులును అడగండి. అబద్ధమాడి ఎరగడు" అంది నక్క.

గంగులు ఛాతీ పొంగింది. ఆ షెడ్డులో తనను ఒకరు మాట అడగడం అదే మొదలు. మెడ చాచి గట్టిగా పీల్చాడు.

"ఏ వాసనా లేదండి. మా అమ్మ మీద ఒట్టు."

"గంగులన్నా! నీ ముక్కు మండట్లేదా?" అని అరిచింది నూకాలు.

"లేనిది ఉందని ఎలా చెప్పనే?"

"విన్నారుగా దొరా, మేకది పని ఎగ్గొట్టే జబ్బు" అంది నక్క.

కొంగ 'గాలి శుభ్రం' అని ముద్ర వేసి ఎగిరిపోయింది. నక్క నూకాలును పనిలోంచి గెంటేసింది.

సాయంత్రం గంగులు ఓదార్చబోయాడు. నూకాలు అతని మొహం చూడలేదు.

"కళ్లు మూసుకో. నీ ముక్కు దగ్గర ఏం పెట్టానో చెప్పు."

గంగులు పీల్చాడు. మళ్లీ పీల్చాడు. "ఎండుగడ్డి."

కళ్లు తెరిస్తే ఎదురుగా పుదీనా కట్ట.

గంగులు ఇక అక్కడ నిలవలేదు. తడబడే కాళ్లతో వాగు దాకా పరిగెత్తి కొంగ ముందు పడ్డాడు.

"దొరా, నా సాక్ష్యం చెల్లదు! నాకు ముక్కే చచ్చిపోయింది!"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎలా? ముద్ర ఏడాది దాకా తీయకూడదు. వచ్చే ఏడు రా."

"అప్పటికి నేనుంటానా దొరా?"

కొంగ నీళ్లలోకి చూసింది. "ఉంటేనే రా."

మర్నాడు నూకాలు తొట్టి దగ్గర దాని చెల్లెలు పనికి నిలబడింది. ఘాటుకి కళ్లు తుడుచుకుంటుంటే, "నాలుగు రోజులు ఓర్చుకో, గంగులులా నీకూ అలవాటైపోతుంది" అంది నక్క.

చచ్చిన ముక్కును సాక్ష్యానికి పిలిస్తే విషానికి పన్నీరని పేరొస్తుంది.