చక్రాల మధ్య సందు

తవిటినాయుడికి రెండు రోజులుగా ఒకటే గుబులు. సరిహద్దు గుట్ట మీద కాపలాకి ఏ సిపాయిని పంపాలో, వాళ్లకి ట్యాంకుల గుర్తులు నేర్పే ఉస్తాద్ ఆ సాయంత్రం తేలుస్తాడు. గుట్ట మీదివాడు "అవతలివాళ్ల ట్యాంకు" అన్నాడంటే చాలు, కింద ఫిరంగులు పేలతాయి.

ఆ సరిహద్దులో ఇటు ట్యాంకులూ అటు ట్యాంకులూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తేడా అంతా కిందనే. మనదానికి మొదటి చక్రం వెనక సందుంటుంది. వాళ్లదానికి ఆ సందు చివరి చక్రాల దగ్గర. బొమ్మలు నూరు చూపిస్తే నూరూ తడుముకోకుండా చెప్పేవాడు నాయుడు. అయినా ఒకటి మాత్రం అంతుపట్టలేదు. ఖాదర్‌వలీ ఉస్తాద్ పన్నెండేళ్లు ఆ గుట్ట మీదున్నాడు. ఒక్కసారీ తప్పు చెప్పలేదంటారు, అదెలాగో.

"ఉస్తాద్, చక్రాలు కాక ఇంకేటి చూస్తారు మీరు? నాకూ చెప్పండి."

"చెప్తే ఏమొస్తాది అబ్బీ. రా."

ఇసుక పోసిన బల్ల మీద ఉస్తాద్ ఒక కొయ్య ట్యాంకు పెట్టాడు. చక్రాలు మునిగేదాకా దోసిళ్లతో ఇసుక ఎగదోశాడు.

"ఎవరిది?"

నాయుడు వంగి చూశాడు. చుట్టూ తిరిగాడు. గొట్టం చూశాడు, పై మూత చూశాడు. ఉస్తాద్ గడియారం చూసుకుంటున్నాడు. ఇంత నేర్చి తెలీదనడం నామోషీ.

"అవతలివాళ్లది."

"రూఢీనా?"

"రూఢీయే."

ఉస్తాద్ ట్యాంకు పైకి తీసి, ఉఫ్ అని ఊది, అతని చేతిలో పెట్టాడు. సందు మొదటి చక్రం వెనకే ఉంది. తిప్పి చూస్తే అడుగున సుద్దముక్కతో రాసిన పేర్లు, తమ ట్యాంకువాళ్లవి.

"చదువు."

"బంగార్రాజు. పీటరు. ముత్యాలు..."

నాలుగో పేరు మీద వేలు ఆగింది. పొద్దున తన కంచంలో పూరీ లాక్కుతిని నవ్వినవాడి పేరది.

ఉస్తాద్ ఆ ట్యాంకు వెనక్కి తీసుకున్నాడు. ఇంకో ట్యాంకు పెట్టి మళ్లీ ఇసుక కప్పాడు.

"ఇది?"

నాయుడు చాలాసేపు చూశాడు.

"ఇంకా తెలీట్లేదు ఉస్తాద్."

"కింద ఫిరంగులోళ్లు తొందరపెడతాండారు అనుకో."

"పెట్టనీండి."

"వాళ్లదే అయితే?"

"ఇంకాస్త దగ్గరికి రానీండి. సందు కనబడితే చెప్తాను."

ఉస్తాద్ బల్ల మీది ఇసుక చేత్తో సాపు చేశాడు.

"పొద్దున్నే గుట్టెక్కు. పైన నీళ్లు దొరకవు, రెండు సీసాలు పట్టుకుపో."