దుర్భిణిలో పడిన జింక

సూక్ష్మం వారింట్లో పుట్టినవాళ్ళకు తెలివి ఎక్కువని నల్లమల పక్కనున్న ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, వాళ్ళే చెప్పేవాళ్ళు. పెద్దవాడు మద్దిలేటి క్షవరానికి కూర్చుంటే, "నెమ్మదిగా గొరుగప్పా, లోపల తెలివి ఉండాది, తెగుతాది" అని మంగలిని హెచ్చరించేవాడు. నడిపివాడు సుంకన్న వానలో నిలబడితే, ఎవరినీ అడక్కుండానే తాను తడిసిన సంగతి కనిపెట్టగలడు. చిన్నవాడు ఓబులేసు రెండు చెప్పులూ ఒకే కాలికి పట్టవని సొంతంగా తెలుసుకున్నాడు. ఇంటిపేరు సూక్ష్మం, బుర్రలో శూన్యం అని ఊరివాళ్ళు అనుకునేవాళ్ళు గానీ, ఆ మాట తమ గురించేనని కనిపెట్టేంత తెలివి మాత్రం ఆ ఇంట్లో లేదు.

ఆ ముగ్గురికీ ఒక్కతే చెల్లెలు, లాలమ్మ. అమ్మానాన్నా లేని పిల్ల. అన్నలకు ఆమె అంటే ప్రాణం. ఐదో నెల కడుపుతో పుట్టింటికొచ్చి, గడప దాటీ దాటక ముందే కూలబడి, "అన్నా, జింక మాంసం తినాలని ఉండాది" అంది.

అవి వేట ఇంకా నేరం కాని రోజులు. అడగరాని కోరికేమీ కాదు. పైగా కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవి చీము కారుతుందని పెద్దలమాట. ఇంకేముంది, అన్నలకు గుండెలు జారిపోయాయి. మేనల్లుడి చెవి కళ్ళముందు కారడం మొదలుపెట్టింది.

"ఏడవాకు లాలమ్మా. తెలివిగల అన్నలు ముగ్గురుండారు నీకు" అన్నాడు మద్దిలేటి.

అడవిలో జింకలకేం కొదవ? కానీ అవి దూరం నుంచే మనిషిని పసిగట్టి పారిపోతాయి. దూరపుది దగ్గరగా కనబడాలంటే దుర్భిణి కావాలని ఎవరో చెప్పారు. అంతే, దొడ్లో ఉన్న రెండు మేకల్నీ తోలుకుని ముగ్గురూ పట్నం బయలుదేరారు. చేతిలో ఉన్న మాంసాన్ని ఇచ్చేసి, అడవిలో ఉన్న మాంసాన్ని చూసే గొట్టాలు తెచ్చుకోవడానికన్నమాట. దారిలో ఒక ముసలమ్మ, "కడుపుతో ఉన్న పిల్లకు ఈ మేకనే కోసిపెట్టరాదా నాయనా" అంది. "మేక జింకెట్ల అవుతాది అవ్వా, తెలివి ఉండొద్దా?" అని సుంకన్న జాలిపడ్డాడు.

పట్నంలో పాతసామాన్ల అంగడి మస్తాన్ సాయిబుది. పల్టన్ల సిపాయిలు వదిలేసిన దుర్భిణులు ఆయన దగ్గర దొరుకుతాయి. సాయిబు ఓపిక గలవాడు. ఆ పూట తర్వాత మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు.

"దీనిమీద రెండు అంకెలుంటాయి నాయనా" అని మొదలుపెట్టాడు. "మొదటిది, ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తాదో ఆ లెక్క. రెండోది, ముందరి అద్దం ఎంత వెడల్పో ఆ లెక్క. చెట్ల సందున జింకను చూడాలంటే ఎనిమిది రెట్లది చాలు. అద్దం మరీ పెద్దదీ వద్దు, మరీ చిన్నదీ వద్దు. ఇదిగో, ఇది తీసుకోండి. జింక ఇందులో చక్కగా పడతాది."

మద్దిలేటి ఆ గొట్టాల్ని అటూ ఇటూ తిప్పి, అద్దం మీద జాన పెట్టి కొలిచి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంత సన్నం బొక్కలో జింక ఎట్ల పడతాది సాయిబూ? కొమ్ములు తట్టుకోవా?"

"జింక లోపలికి రాదు నాయనా. జింక బొమ్మ పడతాది."

"బొమ్మను చెల్లెలు తింటాదా?" అన్నాడు ఓబులేసు. ముగ్గురూ సాయిబు అమాయకత్వానికి నవ్వుకున్నారు.

సుంకన్నకు ఇంకో అనుమానం. "గొట్టాలు రెండుండాయి కదా. రెండు జింకలు పడతాయా?"

"రెండు కళ్ళతో చూసినా ఒకే జింక."

"ఓహో, ముందరి సగం ఇందులో, ఎనక సగం అందులో. మరి కడుపు యాడ పడతాది?"

సాయిబు కాసిని మంచినీళ్ళు తాగాడు. అటకమీది నుంచి పన్నెండు రెట్ల దుర్భిణి ఒకటి దించి, "ఇది పెద్దది. అద్దం మీ అరచెయ్యంత. కానీ వద్దు. మెడ పట్టేస్తాది. పైగా పన్నెండు రెట్లంటే, మీ చెయ్యి కొంచెం వణికినా జింక గడగడా వణుకుతాది" అన్నాడు.

ఎనిమిది రెట్లయితే జింక మన వసారా దాకా వస్తుందనీ, పన్నెండయితే నేరుగా పొయ్యి దగ్గరికే వస్తుందనీ, మోసే బాధ తప్పుతుందనీ అన్నదమ్ములు లెక్క తేల్చారు. కొమ్ములు కూడా కాస్త వంచితే పడతాయి. వణికితే ఏముంది, కంబళి కప్పొచ్చు. అంతే, మేకలు సాయిబువి, దుర్భిణి వీళ్ళది.

మేకల్ని కట్టేస్తూ సాయిబు జాగ్రత్తలు చెప్పాడు. "మెడపట్టీ అసలైన జింకతోలు, తెంపుకోవాకండి. కంటికి రెప్పలా చూసుకోండి. అడవిలో గట్టిగా మాట్లాడాకండి. ఏమన్నా చెప్పుకోవాలంటే చెవులు కొరుక్కోండి." పాపం, ఆ సూక్ష్మం వారితో మాట్లాడేటప్పుడు మాట ఎంత ఖరీదైనదో ఆయనకు తెలీదు.

మర్నాడు పొద్దున్నే కొండవాలు పొదల వెనక ముగ్గురూ మాటు వేశారు. ఎదురుగా గడ్డిలో ఒక కొమ్ముల జింక తీరుబడిగా మేస్తోంది. మద్దిలేటి దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నాడు. సుంకన్న పక్కనే కూర్చుని రెప్ప పని మొదలుపెట్టాడు. రెండు అరచేతులూ అద్దాల ముందు పెట్టి మూశాడు, తెరిచాడు, మూశాడు, తెరిచాడు.

"జింక ఉండాది" అనుకున్నాడు మద్దిలేటి. "లేదు. ఉండాది. లేదు. ఇదేదో మాయ జింక."

ఈ సంగతి తమ్ముళ్ళకు చెప్పాలి. గట్టిగా చెప్పకూడదు. అంతే, వంగి సుంకన్న చెవి కొరికాడు. కబురు అందుకున్న సుంకన్న కళ్ళనీళ్ళు మింగుకుని ఓబులేసు చెవి కొరికాడు. ఓబులేసు అవతల ఎవరూ లేరు. అందిన కబురు అట్టే పెట్టుకోవడం పద్ధతి కాదని, చుట్టూ తిరిగొచ్చి పెద్దన్న చెవి కొరికాడు. తను చెప్పిన కబురే తనకు చేరేసరికి మద్దిలేటి ఒళ్ళు ఝల్లుమంది. చెయ్యి వణికింది.

ఇంకేముంది, అద్దాల్లో జింక గడగడా వణికింది.

"చలిరా" అన్నాడు మద్దిలేటి, పళ్ళు బిగపట్టి. "పాపం, చలికి చస్తాంది. కంబళి కప్పు."

జింక ఇక్కడే, ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉందని కదా ఆయన లెక్క. ఓబులేసు కంబళి తీసుకుని అన్న చూస్తున్న చోటే కప్పాడు. అంటే దుర్భిణి మీద. లోపలంతా చీకటైపోయింది.

"కనపడ్డంల్యా" అన్నాడు మద్దిలేటి.

"యాడికి పోతాది? పడింది. మూత కూడా పడింది" అన్నాడు సుంకన్న.

ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి. కంబళిని దుర్భిణి చుట్టూ బిగించి, తాడుతో కట్టి, పైన ఒక ముడి, కింద ఒక ముడి వేశారు. మూట ఎత్తి చూస్తే ముందటికంటే బరువుగా ఉంది. జింక బరువు కాక ఇంకేమిటి? గడ్డిలో ఉన్న అసలు జింక తలెత్తి కాసేపు వీళ్ళను చూసింది. ఏమనుకుందో, మళ్ళీ తల దించి మేసుకుంది.

ఇంటి దగ్గర లాలమ్మ కారం నూరి, పొయ్యి రాజేసి, పన్నెండు రెట్ల జింక వస్తోందని వీధి వీధంతా తిరిగి పెద్ద డేగిసా ఒకటి ఎరువు తెచ్చిపెట్టుకుంది. అన్నలు మూట విప్పారు. దుర్భిణిని బోర్లించి తట్టారు. దులిపారు. జింక రాలేదు.

"నేను చెప్తి కదా, కొమ్ములు తట్టుకున్నాయి" అన్నాడు మద్దిలేటి.

లాలమ్మ పెదవులు వణికాయి. పొద్దుట్నుంచి నోరూరిపోతున్న పిల్ల. అన్నలు తలలు దించుకున్నారు. బిడ్డ చెవి పోయినట్టేనని ఓబులేసు ఏడుపందుకున్నాడు. అప్పుడు ఆ ఇంటి ఆడపడుచు తెలివి మెరిసింది.

"ఏడ్చేదేంటికన్నా? శనక్కాయల్ని గుల్లతోనే ఉడకబెట్టమా? ఇదీ అంతే."

చెల్లెలి బుద్ధికి అన్నలు పొంగిపోయారు. అంతే, పన్నెండు రెట్ల దుర్భిణి డేగిసాలో పడింది. అల్లం పడింది, కారం పడింది, ధనియాల పొడి పడింది. పొద్దు వాలేదాకా కుతకుత ఉడికింది. చివరికి లాలమ్మ గరిటె పెట్టి చూస్తే మెత్తబడింది ఒక్క మెడపట్టీయే. ముక్కలు కోసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలింది. అన్నలు ఊపిరి బిగబట్టుకుని ఆమె దవడనే చూస్తున్నారు.

"జింకే" అంది. "కొంచెం ముదురు. కానీ జింకే."

అబద్ధమేమీ కాదు కదా. పులుసు రెండు గిన్నెలు తాగి, తృప్తిగా తేన్చింది. కోరిక తీరింది. మద్దిలేటి సంతోషం పట్టలేక పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. ముగ్గురూ మొద్దులే కానీ, ఆ క్షణంలో వాళ్ళ ప్రేమకు పేరు పెట్టాల్సిన పని లేదు. కథ ఇక్కడ ఆపితే వాళ్ళకూ పరువు, నాకూ పరువు.

కానీ మద్దిలేటికి, లోపల ఇంకో ముక్క ఏమన్నా మిగిలిందేమోనని అనుమానం వచ్చింది. దుర్భిణి తీసి తుడిచి కంటికి పెట్టుకున్నాడు. పెట్టుకోవడం తలకిందులుగా పెట్టుకున్నాడు, పెద్ద అద్దాలు కంటివైపు. పైగా లోపలంతా ఆవిరి. అందులోంచి చూస్తే, పొయ్యి దగ్గర కూర్చున్న లాలమ్మ ఎక్కడో పొగమంచులో, చీమంతై కనిపించింది.

"ఒరేయ్, లాలమ్మ పోయింది" అని కేక పెట్టాడు.

సుంకన్న లాక్కుని చూశాడు. "నిజమేన్నా. శానా దూరం పోయింది. మంచులో పడి పోతాంది."

"ఇంత జల్దీ ఎట్ల పోతాది?"

"జింకను తినె కదన్నా. జింక కాళ్ళు వచ్చుంటాయి" అన్నాడు ఓబులేసు.

ఇంకేముంది, కంబళి ఒకరు, తాడు ఒకరు, దీపం ఒకరు పట్టుకుని వీధిలోకి పరుగు. లాలమ్మ ఉలిక్కిపడి లేచి గుమ్మంలోకొచ్చింది.

"ఎవురన్నా పోయింది?"

"లాలమ్మ" అని అరిచాడు మద్దిలేటి, వెనక్కి చూడకుండా.

లాలమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, ఐదో నెల కడుపుతో ఉండే పిల్ల. తోడు లేకుండా అంత దూరం ఎట్ల పోయిందో" అని తలుపు దగ్గరకు వేసి, చెంగు బిగించి, పొట్ట పట్టుకుని తనూ బయలుదేరింది. జింక పులుసు మహిమో ఏమో, ఊరి చివరకు చేరేసరికి అన్నల్ని దాటేసి అందరికంటే ముందుంది.

"లాలమ్మా, ఓ లాలమ్మా" అని వెనకనుంచి అన్నలు గొంతులు చించుకుంటున్నారు.

లాలమ్మ వెనక్కి తిరిగి వేలు పెదవిమీద పెట్టుకుంది. "అరవాకండన్నా. బెదిరి ఇంకా దూరం పోతాది."

లాలమ్మ లాలమ్మను వెతుక్కుంటూ కొండ దారిన పోయింది. మనం మన కంచాల దగ్గరికి పోదాం.