లేయమ్మ చుట్టని చాప

ముసలమ్మలకు వాళ్ల ముసలమ్మలు చెప్పిన మాట ఇది. ఏ ఏడు జరిగిందో ఎవరూ చెప్పలేరు. జరగలేదని మాత్రం ఎవరూ అనరు.

అప్పట్లో ఏటి మలుపులో తుంగపేట అని ఓ పేట ఉండేది. ఇరవై ఒక్క ఇళ్లు. అందరూ కొత్తగా యేసయ్యను నమ్ముకున్నవాళ్లే. ప్రార్థనకు చోటు లేదు. జెకర్యా అయ్యగారు ఓ ఆదివారం చింతచెట్టు కింద నిలబడి, “గుడి కట్టుకుందాం. తలా ఒకటి తీసుకురండి” అన్నాడు.

కలప ఉన్నవాడు దూలం తెచ్చాడు. తాటిచెట్లున్నవాడు కమ్మలు తెచ్చాడు. ఏమీ లేనివాడు వచ్చి మట్టి తొక్కాడు. మట్టిగుడి లేచింది.

లేయమ్మ చాపలు తెచ్చింది.

లేయమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు, చదువు లేదు. ఏటి ఒడ్డున తుంగ కోసి, ఎండబెట్టి, చీల్చి, చాపలు నేసి అమ్ముకునేది. గుడికి ఇరవై ఒక్క చాపలు నేసింది. ఇంటికొకటి. ఒక చాపకు ఎర్ర అంచు, ఒకదానికి పచ్చ అంచు, ఒకదానికి రెండు నల్లచారలు. అక్షరం రాని మనిషి కాబట్టి అంచును బట్టే ఏ చాప ఎవరిదో చెప్పేది.

ఆదివారం పొద్దున్నే గుడి ఊడ్చేది, చాపలు పరిచేది. ప్రార్థన అయ్యాక చాపలు చుట్టేది. ఆమె పని అంతే. ఆ పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు.

మొదటిసారి ఏమైందంటే, ఓ ఆదివారం లేయమ్మ ఇరవై చాపలు చుట్టింది. ఒకటి పరిచే ఉంచింది. పచ్చ అంచుది.

“ఏమే లేయా, కళ్లు కనపడ్డం లేదా? అదలాగే ఉంచావేం?” అన్నాడు సంఘపెద్ద గిద్యోను.

“కనపడబట్టే ఉంచాను పెద్దయ్యా. సూసన్నోళ్లింట్లో ఎవరూ రాలేదు. చాప పరిచాక మనిషి కూర్చోవాలి. మనిషి రాకపోతే మనిషి కోసం మనిషి వెళ్లాలి. అప్పుడే చాప చుట్టేది.”

“ఎవరు పెట్టారమ్మా ఈ చట్టం?”

“చాపలు నేసినదాన్ని నేనేగా.”

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఇద్దరు ఆడవాళ్లు సూసన్న ఇంటికి వెళ్లారు. కోడలికి నొప్పులు మొదలై పొద్దుట్నుంచీ అత్తాకోడళ్లు ఇద్దరే అవస్థ పడుతున్నారు. ఆడవాళ్లు నడుం బిగించారు. సాయంత్రానికి పిల్ల పుట్టింది. లేయమ్మ వెళ్లి చాప చుట్టింది.

రెండోసారి, నల్లచారల చాప మిగిలింది. అది ముసలి మత్తయిది. వెళ్లి చూస్తే మత్తయి గోనెపట్టా చుట్టుకుని కూర్చున్నాడు. ఉన్న ఒక్క పంచా ఉతికి ఆరేస్తే మేక నమిలేసిందట. “దేవుడి ముందుకు ఇలా వస్తే బాగుండదని ఆగిపోయాను” అన్నాడు. వెళ్లినవాడు తన పైపంచ ఇచ్చి, మేకకు ఓ చీవాటు పెట్టి వచ్చాడు. లేయమ్మ చాప చుట్టింది.

ఆ పైన పేటలో ఎవరింట్లో ఏముందో పేటంతటికీ తెలిసేది. మేలు జరిగింది కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

మూడోసారి అంత తేలిగ్గా తెమల్లేదు.

మట్టిగుడి పోయి ఇటుక గుడి లేచింది. ప్రతిష్ఠకు మిషను దొరగారు వస్తున్నారని కబురొచ్చింది. గిద్యోనుకు కాళ్లు నేల మీద ఆగడం లేదు. మొదటినుంచీ పేటలో పాటలకు డప్పు వాయించేది ఓబద్యా. గిద్యోనుకు వరసకు బావ. పెళ్లాం పోయాక ఒంటరిగా పేట చివర ఉండేవాడు. పాటలు పాడి చూసుకుంటున్న రోజున గిద్యోను అతని డప్పు మీద చెయ్యి పెట్టి ఆపాడు.

“ఇది ఇకమీదట ఇటుక గుళ్లోకి రాకూడదు. జాతరలో మోగిన తోలు ప్రభువు ముందు మోగకూడదు.”

“అదే జాతరలో చిందేసిన నీ కాళ్లు మాత్రం వస్తాయా బావా?” అన్నాడు ఓబద్యా.

గుడంతా గొల్లుమంది. ఆ నవ్వు గిద్యోనుకు తగలరాని చోట తగిలింది. “డప్పుతోపాటు నువ్వూ బయటికి నడు” అన్నాడు.

ఓబద్యా డప్పు భుజాన వేసుకుని నడిచాడు.

ఆ ఆదివారం ఎర్ర అంచు చాప మిగిలింది. లేయమ్మ తనే వెళ్లింది. ఓబద్యా గుమ్మంలోనే నిలబడి, “పొమ్మన్న నోరే రమ్మనాలి అక్కా” అన్నాడు. లేయమ్మ చాప చుట్టింది.

పై ఆదివారం మళ్లీ మిగిలింది. అయ్యగారు వెళ్లాడు. “పొమ్మన్న నోరే రమ్మనాలి అయ్యగారూ” అన్నాడు ఓబద్యా. లేయమ్మ చాప చుట్టింది.

ఆ పై ఆదివారం ప్రతిష్ఠ. అంతకుముందు నాలుగు రోజులూ పేటంతా సున్నాలు, తోరణాలు, వంటపొయ్యిలు. ఓబద్యా ఇంటివైపు ఎవరూ పోలేదు. లేయమ్మకు గుర్తు రాకపోలేదు గానీ, తుంగ గీసుకుని కాలు వాచి ఆమే కుంటుతోంది.

దొరగారు వచ్చారు. కుర్చీ వేయాలి. గిద్యోను చుట్టూ చూశాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఎర్ర అంచు చాప ఒక్కటే ఖాళీగా ఉంది.

“అది తీసెయ్. కుర్చీ అక్కడ వేద్దాం.”

లేయమ్మ కదల్లేదు. “చాప పరిచాక మనిషి కూర్చోవాలి పెద్దయ్యా. మనిషి రాకపోతే మనిషి కోసం మనిషి వెళ్లాలి.”

“రెండుసార్లు వెళ్లారుగా!”

“వెళ్లాల్సిన మనిషి వెళ్లలేదు.”

“నాకు బుద్ధి చెప్పేదానివా?”

“నేనెవర్ని చెప్పడానికి? తీసెయ్యమంటే తీసేస్తాను. కానీ ఇది గుడి చాప కాదు, ఓబద్యా చాప. చోటు లేదన్నప్పుడు ఆయన చాప ఆయనకు ఇచ్చేయాలి. నా కాలు బాగాలేదు. మీరే ఇచ్చి రండి.”

అందరూ వింటున్నారు. గిద్యోను చాప చుట్టి చంకన పెట్టుకుని విసవిసా నడిచాడు. వాడి గుమ్మంలో విసిరికొట్టి వచ్చేద్దాం అనుకున్నాడు. అది అతనే తర్వాత నలుగురిలో చెప్పాడు.

గుమ్మం తెరిచే ఉంది. లోపల ఓబద్యా నేల మీద పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. నీళ్లకుండ ఎండిపోయి ఉంది. తల కింద డప్పు.

గిద్యోను చేతిలో చాప జారింది. పరిగెత్తి పక్కింటి కుండలోంచి నీళ్లు ముంచుకొచ్చి, తల ఒడిలో పెట్టుకుని, గుక్కగుక్కగా తాగించాడు. కాసేపటికి ఓబద్యా కళ్లు తెరిచాడు.

“ఎందుకొచ్చావు బావా? డప్పు పగలగొట్టడానికా?”

“నోరు మూసుకుని తాగు.” గిద్యోను ఇంకో గుక్క తాగించాడు. “రా. నిన్ను రమ్మనడానికే వచ్చాను.”

“జ్వరం నాలుగు రోజుల కిందటే వచ్చింది. రమ్మనడానికి నీకు మూడు వారాలు పట్టింది” అన్నాడు ఓబద్యా. అంత జ్వరంలోనూ ఊరుకోలేదు.

గిద్యోను బయటికొచ్చి కేకేశాడు. ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. నులకమంచం మీద ఎర్ర అంచు చాప పరిచి, ఓబద్యాను పడుకోబెట్టి, నలుగురూ మంచం నాలుగు కోళ్లూ పట్టి ఎత్తారు. ముందు కోడు గిద్యోనుది. ఓబద్యా పక్కన డప్పు కూడా పెట్టాడు.

గుళ్లో దొరగారు గుమ్మం పక్కనే కుర్చీ వేయించుకుని చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. మంచం ఆయన ముందు నుంచే లోపలికి వచ్చింది. చాప తీసిన చోటనే దించారు.

“ఎవరీయన?” అని దొరగారు అడిగారు.

“మా గుడి డప్పండీ” అన్నాడు గిద్యోను. “ఇన్నాళ్లూ బయట పెట్టాను.”

జెకర్యా అయ్యగారు ప్రసంగం చేయడానికి లేచాడు. సంఘమంటే ఒకటే ఒళ్లనీ, కాలికి ముల్లు దిగితే కన్ను నీళ్లు పెట్టుకుంటుందనీ మూడు వారాలుగా సిద్ధం చేసుకున్నాడు. మంచం వైపు చూశాడు, గిద్యోను వైపు చూశాడు. “ఈవేళ ప్రసంగం అయిపోయింది. పాట పాడండి” అని కూర్చున్నాడు. ఓబద్యా పడుకునే వేలి కొసలతో దరువు వేశాడు.

అతను బతికాడు. ఇంకా చాలా ఏళ్లు వాయించాడు, గిద్యోను చాలా ఏళ్లు విన్నాడు.

లేయమ్మ ముసలిదై కన్నుమూసింది. ఆ తర్వాతి ఆదివారం సూసన్న కోడలు చాపలు పరిచింది. ప్రార్థన అయ్యాక ఇరవై చుట్టింది. ఒకటి మిగిలింది. అంచు లేని చాప. లేయమ్మది.

ఎవరూ లేవలేదు. ఎవరి కోసం వెళ్లాలి? పోయిన మనిషి కోసమా?

గిద్యోను కర్ర పట్టుకుని లేచాడు. “చాప పరిచే ఉంది కదా. పదండి” అన్నాడు.

లేయమ్మ ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చాప ఉంది. నీలం అంచు. పేటలో ఏ ఇంటికీ నీలం అంచు లేదు. పక్కన నీలం వేసిన తుంగ ఇంకా కట్టగట్టి ఉంది.

“ఎవరికిది?” అని అడిగితే ఎవరికీ తెలియదు. ఇల్లిల్లూ అడిగారు. ఆఖరికి ఏటి అవతల, గంపలల్లుకునేవాళ్ల గుడిసె దగ్గర తేలింది. వాళ్లు వచ్చి రెండు నెలలైంది. పేటవాళ్లు వాళ్లను చూడకపోలేదు. పలకరించలేదు, అంతే.

గుడిసెలోని ఆమె భయపడుతూ బయటికొచ్చింది. “ఆ పెద్దమ్మ నీకు ఏ రంగంటే ఇష్టమని అడిగింది. నీలమన్నాను. మేం మీ గుడికొస్తామని అనలేదు బాబూ.”

“రమ్మని మేమూ అడగలేదు తల్లీ” అన్నాడు గిద్యోను. “పిల్లలు తిన్నారా?”

ఆ నీలం అంచు చాపను పేటవాళ్లే పూర్తిచేశారు. ఎవరికీ ఆ పని రాదు. సగం తిన్నగా, సగం వంకరగా వచ్చింది.

ఇప్పుడు ఆ గుళ్లో నాపరాళ్లు పరిచారు. కుర్చీలొచ్చాయి. అయినా ఆదివారం గుమ్మం దగ్గర ఒక చాప పరుస్తారు, నీలం అంచుది. పాతది చిరిగితే కొత్తది నేస్తారు. సగం వంకరగానే నేస్తారు. ఆశీర్వాదం అయ్యాక ఒకరు లేచి, “ఎవరు రాలేదు?” అని అడుగుతారు. పేరు చెప్పాలి. ఒకరు బయలుదేరాలి. ఆ మనిషి వెళ్లి వచ్చేదాకా ఎవరూ చాప చుట్టరు.

సాటి మనిషిని మరిచి తన పాటికి తాను అన్నానికి కూర్చున్నవాణ్ని ఆ పేటలో ఎవరూ తిట్టరు. ఒక్క మాటే అంటారు:

“చాప పరిచే ఉంది, చూసుకో.”