మంత్రిగారి బుగ్గల్లో ఆకుతోట

వేణుపురి రాజు చంద్రసేనుడికి ఒకనాడు పొద్దున్నే ఓ ఆలోచన పుట్టింది. పుట్టించినవాడు మంత్రి దండపాణి.

"ప్రభూ, మన తమలపాకుని పడవలెక్కించి పరాయి దేశాలకి పంపేస్తున్నారు. అందుకే ఊళ్ళో ఆకు ప్రియమైంది. ఇక ఒక్క ఆకు కూడా రేవు దాటకుండా, అంతా మనవాళ్ళే తృప్తిగా నమిలేలా చట్టం చేద్దాం!"

"భేష్! మన ఆకు మన నోళ్ళలోనే పండాలి!" అన్నాడు రాజు. చాటింపు వేశారు.

వారం తిరక్కుండానే రేవులో గంపలకి గంపలు కుళ్ళడం మొదలైంది. ఆకురైతు గంగులు, రాజుగారికి తాంబూలం చుట్టిచ్చే సోమప్ప దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఊరంతా కలిసి ఎంతని నములుతుంది సోమప్పా? ఆకేమన్నా ఊరగాయా, జాడీలో పెట్టుకోడానికి? సాయంత్రం పడవ కూడా ఉత్తిదే పోయిందంటే తోట పీకేసుకోవడమే!"

సోమప్ప తల గోక్కున్నాడు. చట్టాన్ని తప్పుబడితే కొలువు ఊడుతుంది. పైగా మంత్రికి తనంటే ముందే గిట్టదు. కాసేపు ఆలోచించి, పళ్ళెం నిండా తాంబూలాలు చుట్టుకుని సభకి నడిచాడు.

"ప్రభూ, ఇంత గొప్ప చట్టం చేయించిన మంత్రిగారికి తమ చేత్తో ఓ తాంబూలం ఇవ్వరూ?"

రాజు మురిసిపోయి ఇచ్చాడు. మంత్రి కళ్ళకద్దుకుని బుగ్గన పెట్టుకున్నాడు.

"ఒక్కటేనా ప్రభూ?" అన్నాడు సోమప్ప.

రాజు ఇంకోటి ఇచ్చాడు. మరోటి ఇచ్చాడు. రాజు చేతి తాంబూలం వద్దంటే తల ఉంటుందా? మంత్రి బుగ్గలు బూరెల్లా పొంగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆగలేక, ఉమ్మడానికి తమ్మపడిగ వైపు ఉరికాడు.

సోమప్ప చటుక్కున దాన్ని వీపు వెనక దాచేశాడు.

"ఆగండాగండి! లోపలిది లోపలే అయిపోవాలని కదండీ తమరి చట్టం? బయటికి ఎలా పంపుతారు?"

సభ గొల్లున నవ్వింది. మంత్రి "మ్ మ్ మ్" అంటూ రాజు వైపు చూశాడు.

"ప్రభూ, ఆకురైతు పరిస్థితీ ఇదే," అన్నాడు సోమప్ప. "తీగ ఆకు వేయడం మానదు. లోపల చోటు లేదు. బయటికి దారి లేదు. మంత్రిగారూ, రేవు తెరిపిద్దామా?"

మంత్రి తలపాగా ఊడిపడేలా తలూపాడు. తమ్మపడిగ అందింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, "తెరవండి రేవు!" అన్నాడు. తన వేలి ఉంగరం తీసి సోమప్పకి తొడిగాడు. తర్వాత మంత్రి మీద జాలేసి, "పాపం, అలిసిపోయావు. ఓ తాంబూలం వేసుకో," అన్నాడు.

మంత్రి రెండు చేతులతో నోరు మూసుకుని గుమ్మం దాటేశాడు.