బొద్దుగాడి తొలి ముద్ద

కొండగోగుల అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, కోతులు, దుప్పులు, నక్కలు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. కూన తనంతట తాను కూర్చోగలిగాకే దానికి అన్నప్రాసన చెయ్యాలి. అందాకా తల్లిపాలే!

జుంటమ్మ అనే ఎలుగుబంటికి లేకలేక ఒక కొడుకు పుట్టాడు. వాడి పేరు బొద్దుగాడు. వాడికి నాలుగు నెలలు నిండగానే పక్క చెట్టు మీది కోతికూనకు అన్నప్రాసన జరిగింది. అడవి అంతా వెళ్లి చూసి మెచ్చుకుని వచ్చింది. ఇక జుంటమ్మకు కాలు నిలవలేదు. ఆ కోతికూనకు ఆరు నెలలు నిండాయన్న సంగతి మాత్రం ఆమె పట్టించుకోలేదు.

"నా కొడుకు దానికి రెండింతలున్నాడు! వాడికి వట్టి పాలు ఏ మూలకి? రేపే అన్నప్రాసన. తేనెపట్టుతో చేస్తాను!" అని అడవంతా చాటింది.

మంత్రసాని ముచ్చవ్వ ఆ మాట విని పరుగున వచ్చింది. ఆమె ముసలి కొండముచ్చు. ఆ అడవిలో సగం కూనలకు పురుడు పోసిన చెయ్యి ఆమెది.

"ఒసే పిచ్చిదానా! వాడికి ఇంకా నడుమే నిలవలేదు. రెండు నెలలు ఓపిక పట్టు. తేనె మాటయితే ఏడాది నిండేదాకా ఎత్తనే ఎత్తకు" అంది.

"నీ చాదస్తం నీ దగ్గరే ఉంచుకో అవ్వా! ఎలుగు బిడ్డకు తేనె అరక్కపోతే ఇంకెవరికి అరుగుతుంది?" అంది జుంటమ్మ.

"బాగా చెప్పావు వదినా!" అంది నక్క. దాని ధ్యాసంతా విందు మీదే ఉంది.

మర్నాడు గుహ ముందు ఒకటే సందడి! బాగా తింటాడని జుంటమ్మ పొద్దుటి నుంచి కొడుక్కి పాలే ఇవ్వలేదు. వాడి వెనక ఒక రాయి, పక్కన ఇంకో రాయి పెట్టి, వాటికి ఆనించి కూర్చోబెట్టింది. "చూడండి, కూర్చున్నాడు!" అని మురిసిపోయింది.

తేనెపట్టు ముక్క నోట్లో పెట్టగానే బొద్దుగాడు నాలుకతో బయటికి నెట్టేశాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ నెట్టేశాడు. చుట్టాలు కిసుక్కున నవ్వారు. జుంటమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆమె ముక్కను వేలితో లోపలికి తోసేసింది.

అంతే! ఆ మైనం ముక్క గొంతుకు అడ్డం పడింది. ఏడుపు సగంలో ఆగిపోయింది. బొద్దుగాడు కళ్లు తేలేశాడు.

"అయ్యో నా బిడ్డ! అవ్వా, కాపాడవే!" అని జుంటమ్మ కేక పెట్టింది.

కొమ్మ మీంచి చూస్తున్న ముచ్చవ్వ ఒక్క దూకు దూకింది. బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, అరచేత్తో వీపు మీద చరిచింది. ఒకటి! రెండు! మూడు! నాలుగు!

ఐదో దెబ్బకు ముక్క ఎగిరివచ్చి నక్క ముక్కుకు అతుక్కుంది. బొద్దుగాడు కొండ మారుమోగేలా కేర్‌మన్నాడు. అంత కమ్మటి ఏడుపు జుంటమ్మ ఎన్నడూ వినలేదు.

"ఇంకా చూస్తావేం? పాలివ్వు!" అని గద్దించింది ముచ్చవ్వ. బొద్దుగాడు గుటకలు వేస్తూ తాగుతుంటే ఆమె మెల్లగా అంది: "వాడు నాలుకతో నెట్టింది 'ఇప్పుడే వద్దమ్మా' అని చెప్పడానికే. మాటలు రానంత మాత్రాన వాడి మాట వినకూడదా తల్లీ?"

జుంటమ్మ సిగ్గుతో తల దించుకుంది.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున జుంటమ్మ అడవి అరటిపండు తింటోంది. బొద్దుగాడు ఏ రాయీ ఆసరా లేకుండా నిటారుగా కూర్చున్నాడు! చెయ్యి చాచి పండు పట్టుకుని లాగాడు!

"అవ్వా! కూర్చున్నాడే! వాడే అడుగుతున్నాడే!" అంటూ జుంటమ్మ బిడ్డనెత్తుకుని ముళ్లూ రాళ్లూ చూడకుండా పరుగెత్తింది.

"విందెప్పుడు వదినా?" అని దారిలో నక్క అడిగింది.

"విందూ లేదు, గిందూ లేదు. తప్పుకో!"

పండును మెత్తగా మెదిపి జుంటమ్మ ముచ్చవ్వ చేతికిచ్చింది. "వాణ్ని బతికించిన చెయ్యి ఇది. తొలి ముద్ద నువ్వే పెట్టాలి అవ్వా" అంది. ముచ్చవ్వ కళ్లు చెమర్చాయి. ఆమె వేలి కొసన రవ్వంత పెట్టింది. బొద్దుగాడు చప్పరించి, మింగి, మళ్లీ ఇంత నోరు తెరిచాడు.

నీతి: పసిబిడ్డకు తొలి ముద్ద ఎప్పుడు పెట్టాలో బిడ్డ ఎదుగుదల చెప్పాలి కానీ, పెద్దల గొప్పలు కాదు.