ఊ కొట్టే మరబొమ్మ

భోజనమయ్యాక తానో కథ చెప్పనిదే ఒక రాజుగారికి తిన్నది అరగదు. పక్కన కూర్చుని ఊ కొట్టే కొలువు బొల్లన్నది. ఒకనాడు మంత్రి, "ఊ, ఊ" అంటూనే ఉండే మరబొమ్మను తెచ్చి, "దీనికి ఆవులింత రాదు, జీతం అక్కర్లేదు. ఇక బొల్లన్న దేనికి ప్రభూ?" అన్నాడు.

బొల్లన్న చేతులు కట్టుకుని, "ఈ పూట కథ బొమ్మకే చెప్పండి ప్రభూ. మంచి రసపట్టులో మాత్రం ఒక్కసారి ఆపి చూడండి" అన్నాడు.

రాజు మొదలుపెట్టాడు. పాడుబడ్డ కోట తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపలినుంచి ఎవరో రాజకుమారుణ్ణి పేరుపెట్టి పిలిచారు. అక్కడ రాజు ఆగాడు.

"ఊ" అంది బొమ్మ. కాసేపాగి మళ్ళీ "ఊ" అంది.

మంత్రి ఉండబట్టలేక, "పిలిచిందెవరు ప్రభూ?" అన్నాడు.

"ఆ మాట మీ బొమ్మ చేత అడిగించండి మంత్రిగారూ!" అన్నాడు బొల్లన్న.

రాజు పకపకా నవ్వి బొమ్మను అవతల పెట్టించాడు. బొల్లన్న తన చోట కూర్చుని, "ఇంతకీ ఎవరు ప్రభూ?" అన్నాడు.