దొరగారి మంచం మీది దొంగ

జగ్గరాజు దొరకి నడుం నొప్పి. పట్టుపరుపు మీద మెత్తటి బొంత వేసుకుంటే తగ్గుతుందని ఎవరో అన్నారు. అంతే, ఊళ్ళోవాళ్ళు పాత చీరలతో కుట్టుకున్న బొంతలన్నీ దివాణానికి చేరిపోయాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పరిపించుకుని, దొర నిచ్చెన వేసుకుని మంచమెక్కేవాడు. చలికాలంలో ఊరు ఊరంతా కటికనేల మీద వణుకుతోంది. దొర నొప్పి మాత్రం ఇంకా పెరిగింది.

"వీటిలో ఏదో పాపిష్టి బొంత నా నడుం విరగ్గొడుతోంది! అది ఎవరిదో తేలనీ, నలుగురిలో కొరడాతో కొట్టిస్తాను!" అని కేకలేశాడు.

బొంతలు కుట్టే సన్యాసమ్మ మంచం పక్కన వంగి, బొంతల అంచులెత్తి చూసింది. అడుగునున్న పట్టుపరుపు నడిమధ్య గోతిలా కుంగిపోయి ఉంది. ఆమె నవ్వు దిగమింగుకుంది.

"దొంగని పట్టడం ఎంతసేపు దొరా! పైనుంచి రోజుకొకటి తీయించండి. మర్నాడు కూడా నొప్పి ఉందంటే, తీసినదాని తప్పేమీ లేనట్టే. తప్పు చెయ్యనిదాన్ని దివాణంలో బంధిస్తే తమకే పరువు తక్కువ. ఇంటికి పంపేయండి."

దొర సరేనన్నాడు. బొంతలన్నీ ఒక్కొక్కటిగా ఇళ్ళకి చేరాయి, సన్యాసమ్మది కూడా. నొప్పి తగ్గలేదు. ఆఖరికి పట్టుపరుపు కూడా తీయించి, వట్టి నవారు మంచం మీద పడుకున్నాడు. తెల్లారేసరికి నడుం తేలికపడింది.

"దొరికాడే దొంగ!" అంటూ సన్యాసమ్మ ముందు గంతులేశాడు.

సన్యాసమ్మ చేతులు కట్టుకుని అడిగింది: "ఆ పరుపు తమదే కదా దొరా. కొరడా తెమ్మంటారా?"